దీక్షలో ఉన్న వెల్డరుకు ఏ గ్లౌజులు

వెల్డింగు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు మొదట మిషన్ గురించి అడుగుతారు, తర్వాత జీతం గురించి అడుగుతారు. గ్లౌజుల గురించి అడిగినవాణ్ణి నా సర్వీసు మొత్తంలో చూడలేదు. ఏదో ఒకటి ఇవ్వండక్కా, చెయ్యి దూరితే చాలు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. రిటైరయ్యి ఇంట్లో కూర్చున్నా ఆ మంట తగ్గలేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

నేను వెల్డర్ని కాదు. తెనాలిలో ఒక ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపులో స్టోర్సు చూసేదాన్ని. పొన్నూరు వైపు రైసు మిల్లులకు హాపర్లు, రేపల్లె వైపు రొయ్యల ప్లాంట్లకు స్టీలు ట్యాంకులు, పైపులైన్లు మావాళ్ళు చేసేవారు. వెల్డింగు రాడ్లు, గ్యాసు సిలిండర్లు, అద్దాలు, గ్లౌజులు అన్నీ నా చేతుల మీదుగానే వెళ్ళేవి. షాపులో అందరూ నన్ను అక్కా అనేవారు. ఓనరు గారు కూడా కోపం వచ్చినప్పుడు తప్ప అక్కా అనే పిలిచేవారు.

గ్లౌజుల సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. రాడ్డు వెల్డింగులో కరిగిన ఇనప బొట్లు చిట్లి మీద పడతాయి. దానికి మోచేతి దాకా వచ్చే మందపాటి తోలు గ్లౌజులు కావాలి. అవి వేసుకుంటే వేళ్ళు సరిగ్గా ముడవడం కష్టం, అయినా ఆ పనికి ఫర్వాలేదు. ఆర్గాన్ వెల్డింగు అలా కాదు. స్టీలు పైపుల మీద చేసే సన్నటి పని అది. కుడిచేత్తో టార్చి పట్టుకుని, ఎడమచేతి వేళ్ళ మధ్య ఉన్న తీగను కొంచెం కొంచెంగా ముందుకు జరుపుతూ ఉండాలి. వేలి కొసకు తీగ కదలిక తెలియాలి. అందుకని దానికి మేకతోలుతో చేసిన పల్చటి గ్లౌజులు ఇస్తాం. మందంవి ఆర్గాన్‌కి వేసుకుంటే పని చెడుతుంది, పల్చటివి రాడ్డు వెల్డింగుకి వేసుకుంటే చెయ్యి కాలుతుంది. నూలు గ్లౌజులు రేకులు మొయ్యడానికి. తడిసిన గ్లౌజులు ఏవైనా సరే ఎండలో వెయ్యాల్సిందే, లేకపోతే కరెంటు కొడుతుంది. నైలాన్‌వి, ప్లాస్టిక్‌వి మాత్రం వెల్డింగు దరిదాపుల్లోకి రాకూడదు.

మా షాపులో ఆర్గాన్ పని వచ్చినవాళ్ళు ఇద్దరుండేవారు గానీ రొయ్యల ప్లాంటువాళ్ళు ఒకణ్ణే పంపమని అడిగేవారు. సంగం జాగర్లమూడి నుంచి బండి మీద వచ్చేవాడు. మాట తక్కువ మనిషి. అతను వేసిన అతుకు చేప పొలుసులు పేర్చినట్టు ఉండేది. పైపు లోపల వేలు పెట్టి తడిమితే అతుకు ఎక్కడుందో దొరికేది కాదు. రొయ్యలు కడిగే నీళ్ళు పారే పైపులో గరుకు ఉంటే అక్కడ మురికి పేరుకుంటుంది, సరుకు వెనక్కి వస్తుంది. అందుకే ప్లాంటువాళ్ళకి అతనంటే అంత ఇది. తీగ జరిపే ఆ ఎడమచెయ్యే మన షాపు అని ఓనరు గారు పదిమంది ముందు అనేవారు. పొగిడితే అతను సిగ్గుపడి టార్చి తుడుచుకుంటూ కూర్చునేవాడు.

మామూలు రోజుల్లో అతను నాకు తమ్ముడు. కార్తీకం వచ్చిందంటే ఆ వరస మారిపోయేది. ప్రతి ఏడూ అయ్యప్ప దీక్ష తీసుకునేవాడు. నల్లబట్టలు, మెడలో మాల, చెప్పుల్లేని కాళ్ళు. కొండకి వెళ్ళి వచ్చేదాకా అందరికీ స్వామి. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. అయినా స్వామీ అని పిలవడానికి నాకెప్పుడూ నోరు తడబడలేదు. క్రిస్మస్ నాడు అతను మా ఇంటికి వచ్చి, దీక్షలో ఉన్నాను కేకు వద్దక్కా అని ఒక అరటిపండు తిని, మా పిల్లల్ని పలకరించి వెళ్ళేవాడు.

దీక్షలో ఉండగా తోలు ముట్టుకునేవాడు కాదు. బెల్టు తీసేసేవాడు. తోలు పర్సు ఇంట్లో పెట్టేసేవాడు. గ్లౌజులు శుభ్రంగా దులిపి నాకు అప్పజెప్పేవాడు. ఆ రోజుల్లో అతన్ని వెల్డింగుకి పెట్టకుండా మా మేస్త్రి కొలతలు గీయడానికి, పైపులు కొయ్యడానికి పెట్టేవారు. దీని గురించి ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అది ఆయన నియమం, మనం గౌరవించాలి, అంతే. స్వామిని ఎందుకు, ఏమిటి అని అడగడం మా షాపులో మర్యాద కాదు. నేనైతే మరీ జాగ్రత్తగా ఉండేదాన్ని. చర్చికి వెళ్ళేదాన్ని, గుడి సంగతుల్లో నోరు పెడితే ఏం బాగుంటుంది?

నేను రిటైరయ్యే ముందు సంవత్సరం, సరిగ్గా దీక్షల కాలంలో, రేపల్లె అవతల ఒక ప్లాంటులో రొయ్యలు కడిగే లైను పగిలింది. సరుకు వచ్చి పడుతోంది, మంచు కరిగిపోతోంది. మా రెండో వెల్డరు జ్వరంతో మంచం మీద ఉన్నాడు. ఓనరు గారు స్టోర్సు గుమ్మం దగ్గరే స్వామిని ఆపారు.

"స్వామీ, ఈసారికి నువ్వు తప్ప దిక్కు లేదయ్యా."

"చేస్తాను సార్. తోలు మాత్రం వెయ్యనండి."

ఓనరు గారు నా వైపు చూశారు. తోలు లేకుండా, వేడిని తట్టుకునే ప్రత్యేకమైన బట్టతో చేసిన వెల్డింగు గ్లౌజులు ఉన్నాయని నాకు తెలుసు. విజయవాడ షాపుకి ఫోన్ చేశాను. స్టాకు లేదు, తెప్పించడానికి కొంచెం టైము పడుతుందన్నారు. వెంటనే ఆర్డరు పెట్టాను.

"స్వామీ, అవి వచ్చేదాకా పైపులు కొయ్యి, అమర్చుకో. మిషన్ మాత్రం ఆన్ చెయ్యొద్దు" అన్నాను.

"అలాగేనక్కా" అన్నాడు.

మేస్త్రికి కూడా అదే చెప్పాను. ఆయనా తలూపారు. పనిచోట తలూపడానికీ వినడానికీ మధ్య ఎంత దూరం ఉందో నాకు తెలియనిది కాదు. అందుకే సామాను బండితో పాటు నేనూ రేపల్లె వెళ్ళాను.

ప్లాంటు లోపల ఎటు చూసినా తడి. ఆడవాళ్ళు రబ్బరు బూట్లతో, రబ్బరు గ్లౌజులతో బల్లల దగ్గర నిలబడి రొయ్యల తలలు తీస్తున్నారు. మా స్వామి చెప్పుల్లేకుండా ఉన్నాడని ఒక మూల నేల ఆరబెట్టించి, పొడి చెక్కలు వేయించాను. దాని మీద నిలబడి పొద్దున్నంతా పైపులు కోసి అమర్చాడు. మధ్యాహ్నం నట్లూ బోల్టులూ తక్కువ పడితే నేను బజారుకి వెళ్ళాను. అక్కడికీ ఇక్కడికీ తిరిగి వచ్చేసరికి కాస్త ఆలస్యమైంది.

వచ్చి చూసేసరికి లోపల ఆర్కు వెలుగుతోంది. స్వామి తలపైకి చేతులెత్తి, పైపుకి ఊతంగా కప్పుకింద పెట్టే ఇనప బ్రాకెట్లను రాడ్డుతో అతుకుతున్నాడు. చేతులకి మోచేతి దాకా కొత్త నల్ల గ్లౌజులు నిగనిగలాడుతున్నాయి.

"గ్లౌజులు దొరికాయంటక్కా. ప్లాంటువాళ్ళు ప్రాణం తీస్తున్నారు, మొదలుపెట్టమన్నాను" అన్నారు మేస్త్రి.

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. పోన్లే, మనసు మార్చుకుని తోలువే వేసుకున్నాడు అనుకున్నాను. ఎక్కడో అప్పు తెచ్చుకుని ఉంటాడనుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే, నియమం తప్పినట్టు పట్టుకున్నానని సిగ్గుపడతాడేమోనని అటు వెళ్ళలేదు. తల తిప్పుకుని సిలిండర్లకి గొలుసులు వేయిస్తూ కూర్చున్నాను. అంత మర్యాద నాకు ఎందుకు పట్టుకుందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ముందు వాసన వచ్చింది. వెల్డింగు షాపులో పుట్టి పెరిగినంత పని చేశాను, ఏ వాసన దేనిదో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఇది తోలు కాలిన వాసన కాదు. పొయ్యిలో ప్లాస్టిక్ బకెట్టు పడ్డట్టుంది. లేచి పరుగెత్తేసరికి స్వామి చెక్కల మీద మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రాడ్డు బిగించే హోల్డరు పక్కన పడి ఉంది. ఎడమచేతి గ్లౌజు పైభాగం కరిగి కిందికి సాగుతోంది. లోపల ఏదో చిన్న నీలం మంటతో కాలుతోంది. అతను అరవడం లేదు. శరణమయ్యప్ప, శరణమయ్యప్ప అని గొణుగుతున్నాడు.

మేస్త్రి ఆ గ్లౌజును పట్టుకుని లాగబోయారు.

"లాగొద్దు. చర్మం వచ్చేస్తుంది" అని ఎంత గట్టిగా అన్నానంటే ఆయన చెయ్యి వదిలేసి రెండడుగులు వెనక్కి వేశారు.

రొయ్యలు కడిగే నీళ్ళ గొట్టం అక్కడే ఉంది. మిషన్ ఆపించి, చేతి మీద నీళ్ళు వదిలాను. పాపం, బల్లల దగ్గర ఆడవాళ్ళు తట్టలతో మంచుముక్కలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. మంచు వద్దమ్మా, మామూలు నీళ్ళే అని వాళ్ళని ఆపడం ఒక పని అయింది. అంటుకోని చోట కత్తెరతో కత్తిరించాను. అప్పుడు కనిపించింది లోపల ఏముందో. పైన రెక్సిను, తోలులా కనిపించే ప్లాస్టిక్ బట్ట. లోపల పసుపుపచ్చటి ఫోము. మోటారు సైకిలు సీట్లలో పెడతారే, అది.

కరిగిన ఇనప బొట్టు రెక్సిన్ను తొలుచుకుని ఫోములోకి దిగితే ఏమవుతుందో ఊహించడం కూడా నాకు ఎప్పుడూ అవసరం పడలేదు. అలాంటి గ్లౌజు ఈ భూమ్మీద ఎవరైనా కుడతారని కల్లో కూడా అనుకోలేదు.

బండిలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే అడిగాను.

"ఎవరిచ్చారు స్వామీ ఇవి?"

"సీటు కవర్ల స్వామి కుట్టిచ్చాడక్కా. తోలు కాదు గదా అని వేసుకున్నాను."

సీటు కవర్ల స్వామి అంటే తెనాలిలో బండ్ల సీట్లకు కవర్లు కుట్టే మనిషి. వీళ్ళిద్దరూ ఒకే గురుస్వామి దగ్గర దీక్ష తీసుకుంటారు, సాయంత్రం భజన ఒకేచోట. తోటి స్వామి గ్లౌజులు లేక ఇబ్బంది పడుతున్నాడని విని, పని మానుకుని కూర్చుని కుట్టి, రేపల్లె బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపించాడట. వేడికి చెయ్యి నొప్పి పుట్టకుండా లోపల మెత్త కూడా వేశాడు.

రేపల్లెలో కట్టు కట్టి గుంటూరు పెద్దాసుపత్రికి పంపారు. మర్నాడు సీటు కవర్ల స్వామి వార్డు బయట నా ముందు నిలబడ్డాడు. మనిషి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"మన ఎండలకే కరగని సరుకక్కా అది. రోజంతా బండ్లు రోడ్డు మీద నిలబడతాయి, సీటు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటది. ఒక్క కవరు కరిగి తిరిగొచ్చింది లేదు. గట్టిదే గదా అనుకున్నాను" అన్నాడు.

నాకు అతని మీద కేకలు వెయ్యాలని ఉంది. నోరు తెరిచి, అతని చేతుల వంక చూసి మూసేశాను. వేళ్ళకి సూది గుచ్చుకున్న గాట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆ మందపాటి సరుకుని అయిదు వేళ్ళ ఆకారంలో కుట్టడం మాటలు కాదు. నన్ను అడిగితే చెప్పేదాన్ని గదయ్యా అన్నాను చివరికి. మీకూ మా దీక్షకీ ఏం సంబంధమని అడగలేదక్కా అన్నాడు.

వెల్డరుకి మాత్రం చేతికంటే మాల మీదే బెంగ. ఆసుపత్రి తిండి, మందులు, స్నానం లేదు, దీక్ష ఏమైపోతుందని పదేపదే భార్యను అడుగుతున్నాడు. మాల తియ్యాలంటే గురుస్వామి చేతుల మీదుగా తియ్యాలి. ఆ గురుస్వామి బాపట్లలో ఉంటారు. ఒక్కదాన్నే వెళ్ళలేనక్కా, మీరు తోడు రండి అందా అమ్మాయి. నేను ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను అనిపించింది గానీ వెళ్ళాను.

గురుస్వామి రైల్వేలో పనిచేసి రిటైరయిన పెద్దాయన. వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. ఆ అమ్మాయి జరిగిందంతా చెప్పింది. తోలు ముట్టకూడదని, వెల్డింగు గ్లౌజులు వేసుకోలేదని, తోటి స్వామి కుట్టిచ్చిన రెక్సిన్‌వి వేసుకున్నాడని. ఆయన ముందు అర్థం కానట్టు చూశారు.

"గ్లౌజులు వేసుకోవద్దని ఎవరు చెప్పారమ్మా?"

"తోలువి గదండి."

"నేను చెప్పానా?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆయన లేచి లోపలికి వెళ్ళి, భజనలో వాయించే డోలక్ తీసుకొచ్చి మా ముందు పెట్టారు.

"ఇది దేంతో చేస్తారు తల్లీ? దీనికి రెండు వైపులా ఉన్నది మేకతోలు. తెనాలిలో మీ భజనలో ఇలాంటిది రోజూ వాయించేది ఎవరు?"

"ఆయనేనండి" అంది ఆ అమ్మాయి.

నేను స్టోర్సులో కట్టలు కట్టలుగా పెట్టుకున్న ఆర్గాన్ గ్లౌజులు కూడా మేకతోలే. పగలు దాన్ని ముట్టనని నా కౌంటరు మీద పెట్టి వెళ్ళిన మనిషి, సాయంత్రం ఉత్త చేతులతో అదే తోలు మీద తాళం వేశాడు. అతనికి తట్టలేదు. పక్కన కూర్చుని పాడినవాళ్ళకి తట్టలేదు. సీటు కవర్లు కుట్టే మనిషి, రోజూ తోలూ రెక్సినూ చూసే మనిషి, అతనికీ తట్టలేదు.

"చెప్పులు వద్దన్నాం, సుఖాలు వద్దన్నాం. ఒంటిని కాల్చుకోమన్నామా? పని మానెయ్యమన్నామా? ఒక్క ఫోన్ చేస్తే చెప్పేవాణ్ణి. ఇన్నేళ్ళుగా మాల వేస్తున్నాను, ఒక్కడైనా అడగలేదేంటమ్మా?" అన్నారాయన. అంత పెద్దమనిషి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. ఇంకో గురుస్వామి అయితే ఏమనేవారో నాకు తెలియదు. వద్దనే అనేవారేమో. అప్పుడు విజయవాడ సరుకు వచ్చేదాకా ఆగేవాళ్ళం. ఏదైనా ఈ అడగకపోవడం కంటే నయం.

ఆయన మాతోనే బస్సెక్కి గుంటూరు వచ్చారు. వార్డులో మంచం పక్కన నిలబడి మంత్రం చెప్పి, తన చేత్తో మాల తీశారు. డోలక్ సంగతి వెల్డరుకి చెప్పలేదు. వద్దని మాకూ సైగ చేశారు. కొన్నాళ్ళకి అతనికి అదెలాగో తెలిసింది. ఎవరు చెప్పారో నేను అడగలేదు.

పిల్లలూ, ఈ కథలో ఒక్క చెడ్డవాడైనా ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. కోపం దించుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు. అందరూ మంచివాళ్ళే. ఒకరి నియమాన్ని గౌరవించినవాళ్ళు, సాయం చేసినవాళ్ళు, సిగ్గుపడతాడేమోనని తల తిప్పుకున్నవాళ్ళు. మేమంతా కలిసి ఆ చేతికి ఆ గ్లౌజు తొడిగాం. మీరు పనిచేసే చోట ఎవరి నియమం ఏదైనా ఉండనివ్వండి, మీది మీకు ఉండనివ్వండి. చేతికి వేసుకునేది ఏ సరుకుతో చేశారో, ఏ వెల్డింగుకో మాత్రం నోరు తెరిచి అడగండి. తోలు వద్దంటే తోలు కానిదీ సరైనది దొరుకుతుంది. విజయవాడ నుంచి నేను ఆర్డరు పెట్టినవి చెయ్యి కాలిన మర్నాడే పార్సిల్లో వచ్చాయి. ఆ పెట్టె విప్పడానికి నాకు చేతులు రాలేదు.

తొడ నుంచి చర్మం తీసి చేతికి అతికారు. ఎండాకాలం ముదిరాక అతను పనికి వచ్చాడు. చెప్పులున్నాయి, రంగుచొక్కా ఉంది, మళ్ళీ తమ్ముడే. నేను అతని కోసం కొత్త ఆర్గాన్ గ్లౌజులు తీసి కౌంటరు మీద పెట్టి ఉంచాను, సన్నటి మేకతోలువి. వాటిని ముట్టుకోలేదు. పక్కన స్టాండులో ఉన్న స్టీలు తీగ ఒకటి తీసి ఎడమచేతి వేళ్ళ మధ్య పెట్టుకుని జరపబోయాడు. వేళ్ళు ముడుచుకోలేదు. తీగ జారి సిమెంటు నేల మీద టింగుమని పడింది. వంగి తీసి స్టాండులో పెట్టేశాడు.

"రాడ్డు వెల్డింగువి ఇవ్వక్కా. మందంవి."

సన్నటివి వెనక్కి తీసుకుని మందంవి ముందు పెట్టాను. అతను వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"తోలే గదక్కా?"

"తోలే తమ్ముడూ."

ఎడమచేతి గ్లౌజును కుడిచేత్తో తొడుక్కున్నాడు. రెండోది తొడుక్కోవాలంటే ఎడమచేతి వేళ్ళకి పట్టు చాలలేదు. రెండుసార్లు లాగి చూసి ఆపేశాడు. నా ముఖం వంక చూడకుండా, ఆ గ్లౌజునీ తన కుడిచేతినీ కౌంటరు మీదుగా నా ముందుకు చాపాడు. నేను తొడిగాను.